కాలికి కొత్త రక్తనాళాలు: ఎముక ఆపరేషన్, ఇంటివారి బాధ్యత



మీ ఇంట్లో ఒకరు రాత్రిపూట నిద్రపట్టక మంచం మీద లేచి కూర్చుంటున్నారనుకోండి. నొప్పి ఉన్న కాలిని మంచం పక్కన కిందికి వేలాడేస్తారు. అప్పుడు కాస్త ఉపశమనంగా ఉంటుంది. మళ్ళీ పడుకుని కాలు చాపగానే వేళ్ళలో మంట, పోటు మొదలవుతాయి. ఇంట్లోవాళ్ళు వాతమనో, నరాల బలహీనత అనో, పగలంతా చేన్లో నిలబడిన అలుపనో అనుకుంటారు. మందుల షాపులో నొప్పి మాత్రలు తెచ్చి ఇస్తారు. ఇలా నెలలు గడుస్తాయి. ఒకరోజు బొటనవేలి కొన నల్లబడుతుంది.

చాలామందిని ఆసుపత్రికి తీసుకువచ్చేది ఆ తర్వాతే. అప్పుడు ఇంటివారు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "కాలు తీసేయాలా డాక్టరు గారూ?"

ప్రతిసారీ తీయవలసిన అవసరం ఉండదు. సమయానికి వస్తే కాలిని కాపాడే మార్గాలు ఉన్నాయి. వాటిలో ఒకటి ఎముకల డాక్టర్లు చేసే ఆపరేషన్. ఎముకను కొద్దికొద్దిగా పక్కకు లాగి, దాని చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టేలా చేయడం ఈ ఆపరేషన్ ఉద్దేశం. దాని గురించి, అందులో మీరు చేయవలసిన పని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం.

కాలికి రక్తం ఎందుకు అందదు?

మన చిత్తూరు ప్రాంతంలో చెరువు కింద సేద్యం తెలియనివారు లేరు. చెరువు నిండుగా ఉన్నా, కాలువలో పూడిక పేరుకుంటే చివరి మడికి నీరు చేరదు. ముందు ఎండేది ఆ మడిలోని పైరే. కాలిలో జరిగేది కూడా ఇదే. గుండె చెరువు వంటిది. ధమనులు కాలువలు. కాలివేళ్ళు చివరి మడి. ధమని పూడిపోతే గుండె ఎంత బాగా పనిచేస్తున్నా వేళ్ళకు రక్తం చాలదు.

పూడిపోవడానికి ముఖ్యంగా రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది, వయసు పైబడినవారిలో ధమని గోడలకు కొవ్వు పేరుకుని గట్టిపడటం. షుగరు, బి.పి., కొలెస్టరాల్, పొగతాగడం ఉన్నవారిలో ఇది త్వరగా వస్తుంది.

రెండవది బర్జర్స్ వ్యాధి. ఇది ఎక్కువగా 45 ఏళ్ళలోపు మగవారికి వస్తుంది. దాదాపు ఈ రోగులందరూ బీడీ, సిగరెట్, చుట్ట తాగేవారో, పొగాకు నమిలేవారో అయి ఉంటారు. కాళ్ళలో, చేతుల్లో ఉండే చిన్న, మధ్యరకం రక్తనాళాలు వాచి, లోపల రక్తం గడ్డకట్టి మూసుకుపోతాయి. 1879లో వాన్ వినివార్టర్ అనే డాక్టరు ఇలాంటి రోగి గురించి రాశారు. 1908లో న్యూయార్క్‌లోని లియో బర్జర్ అనే డాక్టరు, తీసివేసిన కాళ్ళను పరీక్షించి ఈ వ్యాధిని వివరంగా వర్ణించారు. అందుకే ఆయన పేరు వచ్చింది. పశ్చిమ దేశాలలో ఇప్పుడు ఇది అరుదు. మన దేశంలో, ముఖ్యంగా కూలినాలి చేసుకునే బీదవారిలో, ఇప్పటికీ కనిపిస్తోంది. సంపాదించే వయసులో ఉన్న మనిషి కాలు పోతే ఆ ఇల్లంతా కుంటుపడుతుంది. అందుకే దీని గురించి ప్రతి ఇంటివారూ తెలుసుకోవాలి.

ఇంటివారు కనిపెట్టవలసిన గుర్తులు

1. కొంతదూరం నడవగానే పిక్క లేదా అరికాలు పట్టేయడం, నిలబడితే తగ్గడం, మళ్ళీ నడిస్తే రావడం.
2. ఒక పాదం రెండవదాని కంటే చల్లగా ఉండటం.
3. కాలు పైకెత్తితే పాలిపోవడం, కిందికి వేలాడేస్తే ఎర్రగా లేదా నీలంగా మారడం.
4. రాత్రిపూట వేళ్ళలో నొప్పి, కాలు వేలాడేస్తే ఉపశమనం.
5. చిన్న దెబ్బ, గోటి పక్కన పుండు వారాల తరబడి మానకపోవడం.
6. వేలు నల్లబడటం.

మొదటి గుర్తు దగ్గరే రాగలిగితే చాలా మేలు. నాలుగవ గుర్తు కనిపిస్తే ఇక ఆలస్యం చేయరాదు. కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి వస్తే అది అత్యవసర పరిస్థితి. అలాంటప్పుడు మర్నాటి దాకా ఆగవద్దు. గంటల్లోనే, వీలైతే 6 గంటలలోపు, పెద్ద ఆసుపత్రికి చేర్చాలి.

ముందు ఏ పరీక్షలు చేస్తారు?

డాక్టరు గారు మొదట చేత్తో పాదం మీద, చీలమండ వెనుక నాడి చూస్తారు. తర్వాత చీలమండ దగ్గర, చేతి దగ్గర బి.పి. కొలుస్తారు. చీలమండ బి.పి.ని చేతి బి.పి.తో భాగించినప్పుడు 0.9 కంటే తక్కువ వస్తే కాలికి రక్తం సరిగా అందడం లేదని అర్థం. షుగరు ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఉంటే ఈ లెక్క ఒక్కోసారి తప్పుగా ఎక్కువ చూపవచ్చు. అందుకే డాప్లర్ స్కానింగ్, అవసరమైతే యాంజియోగ్రామ్ కూడా చేస్తారు. పూడిక ఎక్కడ ఉందో, ఎంత పొడవు ఉందో వీటివల్ల తెలుస్తుంది.

పూడిక ఒకచోటే ఉండి, దాని కింద ధమని బాగుంటే బెలూన్‌తో తెరిచే యాంజియోప్లాస్టీ గాని, బైపాస్ ఆపరేషన్ గాని చేస్తారు. ఇవి వీలైనచోట ఇవే ముందు చేయాలి. కాని బర్జర్స్ వ్యాధిలో చిక్కు ఏమిటంటే, మోకాలి కింది చిన్న నాళాలే చివరిదాకా మూసుకుపోయి ఉంటాయి. కొత్త కాలువ తవ్వినా, దానిని కలపడానికి కింద కాలువ మిగిలి ఉండాలి కదా! అది లేనప్పుడు బైపాస్ కుదరదు. అలాంటివారికి మందులు, నాళాలను బిగించే నరాలను కత్తిరించే ఆపరేషన్ ఉన్నాయి. అవి కొందరికే మేలు చేస్తాయి. ఇలాంటి రోగుల విషయంలోనే ఎముక ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.

ఎముకను లాగితే రక్తనాళాలు ఎలా పుడతాయి?

ఈ పద్ధతి రష్యాలో, సైబీరియా ప్రాంతంలోని కుర్గాన్ అనే ఊరిలో పుట్టింది. దానిని కనుగొన్న డాక్టరు పేరు గావ్రీల్ ఇలిజారోవ్. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత కాళ్ళు విరిగి, ఎముకలు అతకక బాధపడే సైనికులు అక్కడ ఎందరో ఉండేవారు. మందులు, పరికరాలు తక్కువ. ఆయన ఇనుప రింగులు, సన్నని తీగలు, నట్లు, బోల్టులతో 1950ల మొదట్లో ఒక చట్రం తయారుచేశారు. ఆ చట్రంతో ఎముకను రోజుకు కొంచెం చొప్పున నెమ్మదిగా లాగితే, ఖాళీ అయిన చోట కొత్త ఎముక పుడుతుందని ఆయన గమనించారు.

ఈ సంగతి చాలాకాలం బయటి ప్రపంచానికి తెలియలేదు. 1980లో కార్లో మౌరీ అనే ఇటలీ పర్వతారోహకుడు, ఏళ్ళ తరబడి మానని తన కాలితో కుర్గాన్ వెళ్ళి బాగై తిరిగి వచ్చాడు. 1981లో ఇటలీ డాక్టర్లు ఇలిజారోవ్‌ను పిలిపించుకుని ఆయన మాటలు విన్నారు. అక్కడి నుండి ఈ పద్ధతి అన్ని దేశాలకూ, మన దేశానికీ చేరింది. ఇలిజారోవ్ 1992లో మరణించారు.

ఆయన గమనించిన మరో విషయం మన పాఠానికి ముఖ్యమైనది. ఎముకను లాగుతున్న రోజుల్లో ఆ చోట రక్తప్రసరణ బాగా పెరుగుతుంది. కొత్త ఎముక పెరగాలంటే ఆహారం కావాలి. ఆహారం తెచ్చేది రక్తమే. అందుకని శరీరం ఆ చోటికి కొత్త సన్నని నాళాలను అల్లుకుంటుంది. నాళాలను పెంచే రసాయనాలను అక్కడి కణాలే విడుదల చేస్తాయి. ఎముకలోనే కాకుండా చుట్టూ ఉన్న కండలో కూడా నాళాలు పెరుగుతాయి. పెద్ద కాలువ మూసుకున్నా పిల్లకాలువలు నీరు మళ్ళించినట్లు, ఈ చిన్న నాళాలు పాదానికి కొంత రక్తం చేరుస్తాయి. గమనించండి: మూసుకున్న పాత ధమని తెరుచుకోదు. పక్కదారి ఏర్పడుతుంది.

ఆపరేషన్ ఎలా చేస్తారు?

సాధారణంగా వెన్నులో మత్తు ఇంజక్షన్ ఇస్తారు. మోకాలికి, చీలమండకు మధ్య ఉన్న పెద్ద ఎముకలో ముందువైపు నుండి పొడుగాటి పలకలాంటి ముక్కను జాగ్రత్తగా వేరుచేస్తారు. ఎముక మొత్తాన్ని రెండుగా విరవరు. ఆ పలకకు తీగలు తగిలించి, కాలి చుట్టూ అమర్చిన చట్రానికి కలుపుతారు. కొన్ని రోజులు, సాధారణంగా ఒక వారం, ఏమీ కదపకుండా ఉంచుతారు. తర్వాత నట్లు తిప్పుతూ ఆ పలకను రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పక్కకు లాగుతారు. అది కూడా ఒకేసారి కాదు. పావు మిల్లీమీటరు చొప్పున రోజుకు 4 సార్లు. ఎన్ని రోజులు లాగాలి, తర్వాత పలకను వెనక్కు నెట్టాలా, చట్రం ఎప్పుడు తీయాలి అనేవి రోగిని బట్టి, ఆసుపత్రి పద్ధతిని బట్టి మారుతాయి. మొత్తం మీద చట్రం వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి కాలికి ఉంటుందని మనసు సిద్ధం చేసుకోవాలి.

ఇక్కడ తొందరపాటు పనికిరాదు. త్వరగా లాగితే కొత్తగా పుట్టే నాళాలు తెగిపోతాయి. మరీ నెమ్మదిగా లాగితే ఎముక ముందే అతుక్కుపోతుంది.

ఫలితం ఎంతవరకు?

మన దేశంలో ఈ ఆపరేషన్ చేసిన డాక్టర్లు తమ అనుభవాన్ని రాశారు. అహ్మదాబాద్‌లో 60 మంది బర్జర్స్ రోగులకు చేసిన ఆపరేషన్ల వివరాలు 2011లో ఒక వైద్య పత్రికలో వచ్చాయి. అదే ఏడాది మహారాష్ట్రలోని మిరజ్ డాక్టర్లు కూడా తమ రోగుల గురించి రాశారు. చాలామందికి రాత్రి నొప్పి తగ్గిందని, పుండ్లు మానాయని వారు చెప్పారు. చైనాలో ఇదే సూత్రంతో షుగరు పుండ్లున్న రోగులకు చేసిన ఆపరేషన్ల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. అక్కడ కూడా పుండ్లు మానినవారు, కాలు నిలుపుకున్నవారు ఎక్కువగా ఉన్నారు.

అయినా నిజం నిజంగా చెప్పాలి. ఇది అందరికీ నప్పే ఆపరేషన్ కాదు. అన్ని ఆసుపత్రుల్లో చేసేదీ కాదు. దీనిలో అనుభవం ఉన్న ఎముకల డాక్టరు, రక్తనాళాల డాక్టరు కలిసి చూసి నిర్ణయించాలి. ఇంకా ఈ విషయాలు గుర్తుంచుకోండి.

– చచ్చిపోయిన వేలు తిరిగి బతకదు. కొత్త రక్తం వచ్చినా నల్లబడిన భాగం ఊడిపోవడమో, దానిని తీసివేయడమో జరుగుతుంది. ఆపరేషన్ కాపాడేది ఇంకా బతికి ఉన్న భాగాన్ని.
– కాలంతా చీము పట్టి, ఆ విషం ఒంటికి ఎక్కుతుంటే ముందు ప్రాణం కాపాడాలి. అప్పుడు కాలు తీయడమే సరైన వైద్యం కావచ్చు. అలా చేయవలసి వస్తే డాక్టరును గాని, రోగిని గాని నిందించవద్దు. కృత్రిమ కాలుతో నడిచి, పని చేసుకుని బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు.
– పిన్నుల దగ్గర చీము పట్టడం, చర్మం చెడటం, అరుదుగా ఎముక విరగడం వంటి ఇబ్బందులు రావచ్చు.

ఇంటివారు చేయవలసిన పని

ఆపరేషన్ చేసేది డాక్టరే. కాని వారాల తరబడి ఆ కాలిని చూసుకునేది మీరు. భార్య, తల్లి, కొడుకు, అన్న, ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాలి. నలుగురూ తలా ఒక చెయ్యి వేస్తే నట్టు రెండుసార్లు తిరగవచ్చు, అసలు తిరగకపోనూవచ్చు.

1. నట్టు తిప్పడం: డిశ్చార్జికి ముందే నర్సమ్మ దగ్గర నేర్చుకోండి. ఏ నట్టు, ఏ వైపు, ఎంత అనేది ఆమె ముందు మీరే తిప్పి చూపండి. నట్ల మీద రంగుతో గుర్తు పెట్టించుకోండి. ఉదయం 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి పడుకునే ముందు, ఇలా మీకు చెప్పిన వేళలు తప్పవద్దు.
2. పుస్తకంలో రాయడం: తిప్పిన ప్రతిసారీ ఒక గీత గీయండి. ఒకసారి మరిచిపోతే తర్వాత రెండింతలు తిప్పవద్దు. డాక్టరును అడగండి.
3. పిన్నుల శుభ్రత: ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చెప్పిన మందు నీటితో, శుభ్రమైన దూదితో పిన్ను చుట్టూ తుడవాలి. ఒక పిన్నుకు వాడిన దూదిని ఇంకో పిన్నుకు వాడరాదు. పసుపు, బూడిద, ఆకు పసరు, కొబ్బరినూనె పెట్టవద్దు.
4. కదలిక: మోకాలు, చీలమండ బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ వారు చెప్పిన వ్యాయామం చేయించాలి. వాకర్ సాయంతో ఎప్పుడు నడవాలో, ఎంత బరువు మోపాలో డాక్టరు చెబుతారు.
5. ఆహారం: ఎముక, కండ పెరగాలంటే మాంసకృత్తులు కావాలి. గుడ్డు, పాలు, పప్పు, వేరుశనగ గింజలు, ఆకుకూరలు పెట్టండి. ఖరీదైన టానిక్కులు అవసరం లేదు. షుగరు ఉన్నవారు డాక్టరు చెప్పిన ఆహారమే తీసుకోవాలి, మాత్రలు లేదా ఇన్సులిన్ మానరాదు.
6. పాదం: ప్రతిరోజూ పాదం అడుగు, వేళ్ళ సందులు చూడండి. రోగికి స్పర్శ తెలియకపోతే మీ కళ్ళే అతనికి స్పర్శ.

ఈ చివరి మాటను మనకు నేర్పినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఒకరు. 1914లో తమిళనాడు కొల్లి కొండలలో మిషనరీల ఇంట పుట్టి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, కుష్ఠు రోగుల చేతులకు, పాదాలకు ఆపరేషన్లు చేసిన మహనీయుడు ఆయన. వారి వేళ్ళు పోవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియక తగిలే దెబ్బలేనని ఆయన గ్రహించారు. నొప్పి కూడా దేవుడిచ్చిన వరమేనని బోధించారు. మీ ఇంటివారి కాలి నొప్పి కూడా ఒక హెచ్చరికే. మాత్రలతో దాని నోరు మూయించి ఊరుకోవద్దు.

ఒక్క బీడీ అయినా సరే...

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇదే. బర్జర్స్ వ్యాధి ముదరకుండా ఆపేది పొగాకును పూర్తిగా మానడం ఒక్కటే. మానివేసినవారిలో నూటికి 90 మందికి పైగా కాలు తీయించుకునే అవసరం లేకుండా బతికారని, మాననివారిలో నూటికి 40 మందికి పైగా ఏదో ఒక భాగం పోగొట్టుకున్నారని అమెరికా డాక్టర్ల పరిశీలనలో తేలింది.

పొగాకు మానకుండా ఈ ఆపరేషన్ చేయించుకోవడం ఎలాంటిదంటే, ఒకవైపు కాలువ తవ్వుతూ ఇంకోవైపు మన్ను పోస్తూ పోవడం లాంటిది. కష్టపడి పుట్టిన చిన్న నాళాలు కూడా మళ్ళీ మూసుకుపోతాయి. తగ్గించడం చాలదు. "రోజుకు కట్ట తాగేవాణ్ణి, ఇప్పుడు రెండే" అంటే వ్యాధి ఆగదు. బీడీ, సిగరెట్, చుట్ట, గుట్కా, ఖైనీ, నశ్యం, అన్నీ మానాలి. పక్కవారు తాగే పొగ కూడా పీల్చరాదు. నికోటిన్ బబుల్‌గమ్ వంటివి డాక్టరును అడగకుండా వాడవద్దు.

ఇక్కడ ఇంటివారు ఒక పొరపాటు చేస్తుంటారు. రోగి నొప్పితో అల్లాడుతుంటే చూడలేక, "పాపం, ఒక్కటి తాగితే నిద్రపోతాడు" అని తలగడ కింద బీడీ కట్ట పెట్టి వెళతారు. చూడవచ్చిన స్నేహితులు అగ్గిపెట్టె అందిస్తారు. అది ప్రేమతో చేసినదే. కాని కాలు తీసేది ఆ ప్రేమే. ఇంట్లో మరెవరైనా పొగ తాగేవారుంటే వారూ మానండి. తండ్రి తాగుతుంటే కొడుకు మానలేడు. మొదటి వారం చాలా కష్టం. కోపం, చిరాకు, నిద్రలేమి ఉంటాయి. తిట్టవద్దు. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి. పొగాకు మానాలనుకునేవారికి భారత ప్రభుత్వ ఉచిత ఫోన్ సహాయం ఉంది: 1800 11 2356.

చేయకూడనివి

– వేడి ఇటుక, వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టవద్దు. రక్తం చాలని చర్మం త్వరగా కాలుతుంది, ఆ పుండు మానదు.
– కాలికి గట్టిగా కట్లు, దారాలు, బిగుతు మేజోళ్ళు వద్దు. ఉబ్బిన సిరలకు వాడే సాగే మేజోళ్ళు ఈ వ్యాధిలో హాని చేస్తాయి.
– పడుకున్నప్పుడు దిండ్లు పెట్టి కాలు బాగా ఎత్తవద్దు. ఆపరేషన్ తర్వాత వాపు వస్తే ఎంత ఎత్తు పెట్టాలో డాక్టరునే అడగండి.
– ఆనెలు, గోళ్ళు బ్లేడుతో కోయవద్దు.
– చెప్పులు లేకుండా నడవనివ్వవద్దు. మెట్ల దారిన కొండ ఎక్కే మొక్కు ఉన్నవారు, దేవుడు మీ కష్టం ఎరిగినవాడేనని నమ్మి, డాక్టరు అనుమతి ఇచ్చేదాకా వాయిదా వేసుకోండి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన సందర్భాలు

చలి జ్వరం, పిన్నుల దగ్గర చీము లేదా దుర్వాసన, చట్రం వదులు కావడం, నట్టు తిరగకపోవడం, వేళ్ళు కొత్తగా నల్లబడటం, కాలికి దెబ్బ తగలడం, పిక్క బాగా వాచడం.

మీరు అడిగే కొన్ని ప్రశ్నలు

కాలు పొడవు పెరుగుతుందా? పెరగదు. ఎముకను పొడవుగా కాక పక్కకు లాగుతారు. కాలి ముందు భాగం కొంచెం లావుగా కనిపించవచ్చు.

నట్టు తిప్పితే నొప్పి ఉంటుందా? బిగుతుగా, సలుపుగా ఉండవచ్చు. భరించలేని నొప్పి వస్తే ఆపి, డాక్టరుకు చెప్పండి.

నొప్పి ఎప్పుడు తగ్గుతుంది? కొందరికి లాగడం మొదలుపెట్టిన వారాల్లోనే రాత్రి నిద్ర పడుతుంది. పుండ్లు మానడానికి నెలలు పడుతుంది. అందరికీ ఒకేలా ఉండదు.

రెండవ కాలు సంగతి? బర్జర్స్ వ్యాధి ఒక్క కాలితో ఆగదు. రెండవ కాలు, చేతులు కూడా చూపించండి.

ఎక్కడికి వెళ్ళాలి? ముందు మన ఆసుపత్రిలో నాడి, బి.పి. చూపించుకోండి. ఇక్కడి నుండి అవసరాన్ని బట్టి తిరుపతిలో స్విమ్స్, రుయా వంటి పెద్ద ఆసుపత్రులకు గాని, వేలూరు సి.ఎం.సి.కి గాని పంపుతారు. తిరుపతి నుండి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి రైలు ఉంది. వెళ్ళేటప్పుడు పాత చీటీలు, స్కానింగ్ ఫిల్ములు, ఆధార్, రేషన్ కార్డు తీసుకువెళ్ళండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఈ చికిత్సకు వర్తిస్తుందో లేదో చేరేముందే ఆ కౌంటరులో అడగండి. అప్పు చేసి ఆవును, చేనును అమ్ముకునే ముందు మొత్తం ఖర్చెంతో డాక్టరుతో, సోషల్ వర్కరుతో కూర్చుని మాట్లాడండి.

చివరి మాట

మార్కు సువార్త 2వ అధ్యాయంలో ఒక పక్షవాయువు రోగి కథ ఉంది. అతను తనంతట తాను యేసు ప్రభువు దగ్గరకు రాలేడు. నలుగురు మనుషులు అతన్ని మోసుకువచ్చారు. జనం వల్ల వాకిట దారి దొరకలేదు. వారు వెనుదిరగలేదు. ఇంటి పైకప్పు విప్పి, పరుపుతో సహా అతన్ని దించారు. ఆ నలుగురి పేర్లు ఎక్కడా రాయబడలేదు. కాని వారు మోయకపోతే అతను నడిచేవాడు కాదు.

మీ మతం ఏదైనా, ఈ కథలోని ఆ నలుగురి స్థానం మీది. ఒకరు నట్టు తిప్పండి. ఒకరు గాయం శుభ్రం చేయండి. ఒకరు పని చేసి ఇంటికి నాలుగు రూపాయలు తీసుకురండి. ఇంకొకరు బీడీ అడిగినప్పుడు ఇవ్వకుండా, పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. రాత్రి లేచి కాలు వేలాడేసుకుని కూర్చునే మనిషి మళ్ళీ కాలు చాపుకుని తెల్లవార్లూ నిద్రపోయే రోజు కోసం డాక్టర్లు తమ వంతు చేస్తారు. మీ వంతు మీరు చేయండి. మిగిలినది దేవునికి అప్పగించి ప్రార్థించండి.

పాఠం తర్వాత ఇంట్లో మాట్లాడుకోండి

1. మన ఇంట్లో నడిస్తే పిక్క పట్టేసేవారు ఎవరైనా ఉన్నారా?
2. మన ఇంట్లో పొగాకు వాడేది ఎవరు? ఈ రోజే మానడానికి వారికి ఎవరు తోడుంటారు?
3. ఆపరేషన్ చేయించవలసి వస్తే, నట్టు తిప్పి పుస్తకంలో గీత గీసే బాధ్యత ఎవరిది?